ఒంగోలు రక్తం ఉంటే మాంసం గట్టిగా ఉంటుందా? 'మెత్తని మాంసం జన్యువు' ఉన్న మేకపోతు కొనొచ్చా?

అడిగినవారు: కిమిడి మేకల దొడ్డి

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి దగ్గర, మహేంద్రతనయ ఒడ్డు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. గంజాం మేకల మంద ఉంది, కొన్ని నాటు కలగలుపువి కూడా ఉన్నాయి. పోతుల్ని పర్లాకిమిడిలోనూ ఏటికి అవతల పాతపట్నంలోనూ వేట మాంసం కొట్లకు ఇస్తుంటాను.

ఈమధ్య కొట్లవాళ్ళ దగ్గర్నుంచి ఒకటే మాట. మాంసం సాగుతోందట, నార నారగా ఉంటోందట, కుక్కర్‌లో నాలుగు కూతలు ఎక్కువ పెట్టినా ఉడకడం లేదని జనం గొడవ పెడుతున్నారట. ఇదే సమయంలో బయటి జిల్లా నుంచి ఒకాయన వచ్చి ఒక పోతును చూపించాడు. జన్యు పరీక్ష చేయించిన పోతు అట, దీని పిల్లల మాంసం నోట్లో వేసుకుంటే కరిగిపోతుందట. మామూలు పోతు ధరకు రెండింతల పైనే చెప్తున్నాడు. చేతికో కాగితం ఇచ్చాడు. అందులో 'కాల్పాస్టాటిన్' అనే మాట ఒక్కటే నాకు చదవడానికి వచ్చింది.

ఆ మాట పట్టుకుని వెతికితే దొరికినదంతా పశువుల గురించే. అమెరికాలో ఆంగస్, జపాన్‌లో వాగ్యు. మా రాష్ట్రంలో 1960 చట్టంతోనే గోవధ నిషేధం, నేను ఆ వ్యాపారం గురించి అడగడం లేదు. కానీ చదువుతుంటే ఒక చోట మనసు చివుక్కుమంది. బ్రాహ్మన్ అని అమెరికాలో మూపురం పశువుల జాతి ఒకటుంది, దాని రక్తం పెరిగేకొద్దీ మాంసం గట్టిపడుతుందని రాశారు. ఆ బ్రాహ్మన్ జాతిలో ఉన్నది మన ఒంగోలు రక్తమే కదండీ. మా తాతగారు ఒంగోలు ఎడ్ల జతను కట్టి వ్యవసాయం చేసిన మనిషి. ఆ మాట నిజమేనా?

నిజమైతే అలాంటి జన్యువు మేకల్లోనూ ఉంటుందా? ఆ పోతును కొనమంటారా, వద్దంటారా? తెలిసినవాళ్ళు చెప్పండి, వచ్చే సంతలోపు ఆయనకు మాట చెప్పాలి.

---

బరంపురం వంటలు

తమ్ముడూ, జన్యువుల సంగతి నాకు తెలియదు. మేం బరంపురంలో పెళ్ళిళ్ళకు, కర్మలకు వండుతాం. నేను కళ్ళతో చూసినది చెప్తాను.

ఒకే కొట్టు, ఒకే మందలోని పోతులు. తెల్లవారకముందు కోసి, వెంటనే ముక్కలు కొట్టించి పొయ్యి మీదికి ఎక్కించిన మాంసం చక్కగా ఉడికిపోతుంది. రాత్రి కోసి ఐసు పెట్టెలో ఉంచి పొద్దున్నే తెచ్చిన మాంసమైతే గిన్నెలో ఎంతసేపు మరిగినా బిగుసుకునే ఉంటుంది. పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి కాసేపు ఉంచితే గాని దారికి రాదు. మందా అదే, మసాలా అదే, పొయ్యీ అదే. మరి ఈ తేడా ఎక్కడిది? జన్యువే కారణమైతే రెండూ ఒకేలా ఉండాలి కదా. డాక్టర్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నేనైతే కొట్టువాణ్ణి రెండే అడుగుతాను. పోతుకు ఎన్ని పళ్ళు, ఎప్పుడు కోశావు అని.

---

గుణుపురం పశువైద్యుడు, విశ్రాంతి

బాబూ, ఒంగోలు సంగతి ముందు చెప్తాను. నా ఉద్యోగమంతా రాయగడ, గుణుపురం, కాశీనగర్ వైపే గడిచింది. మీరు చదివినది నిజమే. కాకపోతే రాసినవాళ్ళు సగం చెప్పి వదిలేశారు.

పశువు ప్రాణం పోయినా కండలో పని ఆగిపోదు. కండలో కాల్పెయిన్ అనే ఎంజైము ఉంటుంది. కండ పోగుల్ని ఒకదానితో ఒకటి కట్టి ఉంచే డెస్మిన్, టైటిన్ లాంటి ప్రోటీన్లను అది మెల్లగా కోసుకుంటూ పోతుంది. మాంసం నిలవ ఉంచితే మెత్తబడడానికి పెద్ద కారణం ఇదే. దాన్ని అదుపు చేసేది కాల్పాస్టాటిన్. కాల్పెయిన్ ఎద్దు అనుకుంటే కాల్పాస్టాటిన్ దానికి ముకుతాడు. మూపురం ఉన్న మన జాతుల కండలో ఈ ముకుతాడు బలంగా ఉంటుంది. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని క్లే సెంటర్ పరిశోధన కేంద్రంవాళ్ళు 1990 ప్రాంతంలో దీన్ని కొలిచి చూపించారు. మూపురం జాతి రక్తం పెరిగేకొద్దీ, కోసిన మరునాటికి కండలో కాల్పాస్టాటిన్ ఎక్కువగా మిగిలి ఉంది, మాంసాన్ని కోయడానికి ఎక్కువ బలం పట్టింది.

ఇక వదిలేసిన సగం. వాళ్ళు ఆ మాంసాన్ని 0 నుంచి 4 డిగ్రీల చలిలో వారం నుంచి రెండు వారాల దాకా మాగబెడతారు. తర్వాత మందపాటి ముక్కను పెనం మీద కాసేపు కాల్చి, లోపల ఎర్రగా ఉండగానే తింటారు. ఆ వంటలో కాల్పెయిన్ ఎంత పని చేసిందన్నదే పంటికి తగులుతుంది. మరి మన వేట మాంసం? తెల్లవారుజామున కోస్తే మధ్యాహ్నానికి కంచంలో ఉంటుంది. కాల్పెయిన్ పని మొదలుపెట్టేలోపే మనం కుక్కర్ మూత పెట్టేస్తాం. పని చేసే వ్యవధే లేనప్పుడు దాని ముకుతాడు గట్టిదైతే ఏంటి, వదులైతే ఏంటి? ఆ పోతు జన్యువు నిజంగానే మంచిదైనా, మీ కొట్లలో అమ్మే పద్ధతికి దాని ఫలం దక్కదు. నేనైతే ఆ డబ్బు పెట్టను.

బరంపురం అమ్మా, మీరు అడిగినదానికి కారణం ఇదీ. కొట్టులో ముక్కలు కొడుతుంటే కండ ఇంకా అదురుతుండడం మీరు చూసే ఉంటారు. కత్తి తగిలిన చోట సన్నగా వణుకుతుంది, వేలు పెట్టి నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకి వస్తుంది. ఆ దశలో పొయ్యి ఎక్కిస్తే మాంసం మెత్తగానే ఉంటుంది. కొన్ని గంటలు పోయాక కండలోని శక్తి అయిపోయి పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. మాంసం అన్నిటికన్నా గట్టిగా ఉండేది అప్పుడే. మీ రాత్రి మాంసానికి ఇంకో దెబ్బ కూడా పడింది. బిగుసుకోకముందే, కండ ఇంకా వెచ్చగా ఉండగానే, ముక్కలుగా కొట్టి ఐసులో వేస్తే పోగులు చలికి ముడుచుకుపోతాయి. కండ 10 డిగ్రీల కిందికి తొందరపడి దిగితే ఇలా జరుగుతుంది. చిన్న ముక్కల్ని పట్టి ఉంచడానికి ఎముక కూడా ఉండదు, కాబట్టి ఇంకా ఎక్కువ ముడుచుకుంటాయి. అలా ముడుచుకున్న మాంసం ఎంత ఉడికించినా పూర్తిగా దారికి రాదు. బొప్పాయిలోని పపెయిన్ పోగుల్ని కోస్తుంది గనక మీకు అక్కరకొస్తోంది.

ఇంక మన వైపు మాంసం గట్టిపడడానికి అసలు కారణం వయసు. పోగుల చుట్టూ ఉండే తెల్లటి పొర కొల్లాజెన్. లేత పోతులో అది నీళ్ళలో ఉడికితే కరిగి జిగురవుతుంది, పులుసు చిక్కబడేది దానివల్లే. వయసు పెరిగేకొద్దీ కొల్లాజెన్ పోగుల మధ్య ముడులు పెరుగుతాయి. అవి వేడికి అంత సులువుగా విడవవు. ముదురు పోతు ముందు కాలి కండను అడ్డంగా కోసి చూడండి. మధ్యలో తెల్లగా, మెరుస్తూ, గోటితో గీరినా తెగని పొర కనపడుతుంది. మీ కొట్లవాళ్ళు సాగుతోందని అంటున్నది దాని గురించే అని నా అనుమానం. పోతు కింది పెదవి దించి చూడండి. అన్నీ పాలపళ్ళే ఉంటే ఏడాది లోపు. మధ్యలో రెండు వెడల్పాటి పళ్ళు వేస్తే ఏడాది దాటినట్టు. నాలుగు వేసిందంటే రెండేళ్ళ దగ్గరకు వచ్చినట్టు. నాలుగు పళ్ళ పోతును లేత మాంసమని అమ్మితే ఏ జన్యువూ మిమ్మల్ని కాపాడదు.

ఒంగోలు మాట పూర్తి చేస్తాను. బ్రెజిల్‌లో మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం నెలోర్ రక్తమే, ఆ పేరు మన నెల్లూరుది. 1868లో ఒక ఓడ బహియా తీరంలో ఆగినప్పుడు ఒక జంటను అక్కడే అమ్మేశారని వాళ్ళ జాతి చరిత్రలో చెప్పుకుంటారు. 1960లలో మన ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరుతోనే వెళ్ళిన గిత్త సంతతి అక్కడ ఎంతో పేరు తెచ్చుకుంది. 2023లో వయాటినా-19 అనే నెలోర్ ఆవులో వాటా అమ్మితే, ఆ లెక్కన దాని మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. గట్టి మాంసమని పేరు పడిన జాతికి ఈ విలువ ఎందుకు వచ్చింది? ఎండకు ఆగుతుంది, పిడుదుల్ని తట్టుకుంటుంది, ఎండు గడ్డి మీద బతికి దూడను పెంచుతుంది. పచ్చిక మీద మెల్లగా పెరిగి మూడు నాలుగేళ్ళకు గాని కోతకు రాని పశువు మాంసాన్ని, ధాన్యం తిని ఏడాదిన్నరకే బరువొచ్చిన ఆంగస్ మాంసంతో పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ తేడాలో జాతి వాటా ఎంత, వయసు వాటా ఎంత అన్నది విడదీసి చూడాలి. జాతి వాటా ఉంది, లేదనను. అంతా జాతి మీద వేయడం మాత్రం అన్యాయం. మీ తాతగారి ఎడ్ల మీద ఆ మాట పడనివ్వకండి.

---

భువనేశ్వర్ పశువైద్య విద్యార్థిని, ఊరు రాయగడ

డాక్టరు గారూ, నమస్కారం. మీరు చెప్పినదానికి ఆ పరీక్ష కాగితం గురించి ఒక ముఖ్యమైన మాట కలుపుతాను. ఇది మాకు పాఠంలో వచ్చింది, అప్పట్నుంచి నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

పశువుల్లో కాల్పెయిన్‌ను తయారుచేసే జన్యువు పేరు సీఏపీఎన్1. అందులో 316వ స్థానంలో ఒక చిన్న మార్పు మాంసం మెత్తదనంతో ముడిపడి ఉందని 2002లో ప్రచురించారు. ఆ పని జరిగింది మూపురం లేని యూరప్ జాతుల్లో. అదే పరీక్షను మూపురం జాతుల మీదికి తెచ్చి చూస్తే, ఆ మంచి రూపం వాటిలో దాదాపుగా లేనే లేదు. అంటే ఆ ఒక్క పరీక్ష చేయిస్తే ఒంగోలు పశువులన్నిటికీ ఒకే మార్కు వస్తుంది. వాటిలో ఏది మేలో ఏది కాదో అది చెప్పలేదు. 2005లో 4751 అనే ఇంకో గుర్తు దొరికాక గాని మూపురం జాతుల్లోనూ తేడా చూడడం కుదరలేదు. ఒక జాతిలో పనికొచ్చిన గుర్తు పక్క జాతిలో గుడ్డిదైపోతుంది.

అందుకని మేకల దొడ్డి అన్నయ్యా, అమ్మే ఆయన్ని ఇది అడగండి. ఈ పరీక్ష ఏ జాతి మేకల మీద చేసి, కోసి, మాంసం కొలిచి నిర్ధారించారు? మాంసాన్ని కొలవడం అంటే, ఉడికించిన కండలోంచి అరంగుళం మందాన గుండ్రటి పోగు తీసి, దాన్ని మొద్దు బ్లేడుతో కోయడానికి ఎన్ని కిలోల బలం పట్టిందో చూస్తారు. మందలో ఆ తేడా మొత్తంలో తల్లిదండ్రుల నుంచి దిగేది పశువుల్లో పావు వంతు, అటూ ఇటూ. ఆ పావు వంతు కూడా ఒక్క జన్యువుది కాదు, చాలా జన్యువులు తలా కాస్త వేస్తాయి. ఒక్క గుర్తును చూసి "నోట్లో కరుగుతుంది" అని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇంకొకటి. కండ బాగా ఉబ్బి కనపడే పోతును చూసి మాంసం మేలైనదని అనుకోకండి. అమెరికాలో ఓక్లహోమాలో 1983లో ఒక పొట్టేలు పుట్టింది. దాని సంతతిలో వెనక తొడలు, నడుము కండ విపరీతంగా పెరిగాయి. క్యాలిపైజ్ అని పేరు పెట్టారు. తీరా కోసి చూస్తే నడుము కండ చాలా గట్టిగా ఉంది. ఎందుకంటే ఆ కండలో కాల్పాస్టాటిన్ బాగా ఎక్కువ! కండ పెంచిన ఏర్పాటే దాన్ని విరగకుండా కాపాడుతోంది. బెల్జియన్ బ్లూ పశువులది ఇంకో దారి. వాటిలో కండ పెరుగుదలకు పగ్గం వేసే మయోస్టాటిన్ జన్యువులో 11 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయాయి, 1997లో తేలింది. మాంసం లేతగానే ఉంటుంది గాని దూడ పెద్దదైపోయి ఆవుకు పొట్ట కోసి తీయాల్సిన పరిస్థితి. రెండిట్లోనూ కండ ఒకేలా ఉబ్బుతుంది, మాంసం మాత్రం వేరు.

డాక్టరు గారు ఒంగోలు గురించి రాసింది చదివి నాకు చాలా సంతోషమేసింది. పాలలో వెన్న శాతం పెంచే డీజీఏటీ1 జన్యు రూపం మన దేశవాళీ ఆవుల్లో, గేదెల్లో దాదాపు అన్నిటికీ ఉందని కూడా చదివాను. మన పశువుల్లో ఏం లేదో రాసినంతగా ఏం ఉందో కూడా రాయాలి.

---

కిమిడి మేకల దొడ్డి

డాక్టరు గారూ, చెల్లమ్మా, వదిన గారూ, అందరికీ దండాలు. ఆ పోతు వద్దని చెప్పేస్తాను. ఇప్పుడే దొడ్డిలోకి వెళ్ళి పోతుల పళ్ళు చూసి వచ్చాను. కొట్లకు వెళ్ళడానికి కట్టి ఉంచినవాటిలో నాలుగు పళ్ళవి కనపడ్డాయి. బరువు రాలేదని ఆపుతూ వచ్చినవి అవే.

ఇంకో రెండు అడుగుతాను. మంద బాగుపడాలంటే పోతును మార్చాలి కదా, మరి జన్యు పరీక్ష లేకుండా దేన్ని చూసి ఎంచుకోవాలి? రెండోది, ఇంట్లో పండక్కి కోసిన మాంసం మిగిలితే వెంటనే డీప్ ఫ్రిజ్‌లో వేస్తున్నాం. అది సరైనదేనా?

---

గుణుపురం పశువైద్యుడు, విశ్రాంతి

బరువు రాలేదని ఆపుతూ వచ్చానన్నారు చూశారా, మీ మందకు జన్యువులతో పని ఉన్నది అక్కడే. తొందరగా బరువొచ్చే పోతు పిల్లలైతే పాలపళ్ళ మీదే కొట్టుకు వెళ్తాయి, మాంసం లేతగా ఉంటుంది. పెరుగుదలలో తేడా ఉడికించి కోసి చూడాల్సిన పని లేదు, కాటా మీద కనపడుతుంది. ఎంచుకోవాల్సింది దాన్ని.

ప్రతి పిల్లకూ చెవికి నంబరు బిళ్ళ వేయండి. పుట్టిన తేదీ, తల్లి నంబరు, ఒంటరా కవలా అన్నది నోటు పుస్తకంలో రాయండి. మూడో నెల, ఆరో నెల, తొమ్మిదో నెల తూచండి. గోనె సంచికి నాలుగు కాళ్ళ చోట్ల కన్నాలు చేసి, పిల్లను అందులో నిలబెట్టి కొక్కెం కాటాకు తగిలిస్తే తన్నుకోదు. కవలగా పుట్టి కూడా ఒంటరి పిల్లతో సమానంగా తూగిన మగపిల్ల దొరికితే దాన్ని కొట్టుకు పంపకండి, విత్తనానికి ఉంచండి. మన గంజాం మేక ఎక్కువగా ఒక్క పిల్లనే ఈనుతుంది, కాబట్టి అలాంటిది అరుదు. మీ మందలో పుట్టినదాన్ని మీ మందకే వాడితే తోబుట్టువులతో కలుస్తుంది. పక్క ఊరి గొల్లల మందతో మార్చుకోండి, వాళ్ళకూ మేలే. కొండ ఎక్కి దిగి మేసే మందకు బయటి జిల్లా పోతుకన్నా ఇక్కడి నేల మీద నిలబడినదే మంచిదని నా అభిప్రాయం. విత్తనానికి ఉంచనివాటికి మూడు నాలుగు నెలల వయసులోనే పశువుల ఆసుపత్రిలో బర్డిజో అనే పటకారుతో విత్తు నొక్కించండి, మాంసానికి పోతు వాసన రాదు. కొవ్వు విషయంలో పశువుల పుస్తకాల్లో చెప్పే, కండలో కొవ్వు చారలున్న మాంసం మీద ఆశ పెట్టుకోకండి. మేక కొవ్వు కండలో పట్టదు, ముందు మూత్రపిండాల చుట్టూ, పేగుల పొర మీద పడుతుంది. దాణా ఎక్కువ పెడితే ఆ కొవ్వే పెరుగుతుంది, కొట్టువాడు దాన్ని తీసి పక్కన పడేస్తాడు.

కొట్టుకు పంపేటప్పుడు సంతకు నడిపించి, ఎండలో కట్టేసి, అదే రాత్రి కోయనివ్వకండి. అలసిన కండలో గ్లైకోజన్, అంటే కండ దాచుకున్న చక్కెర, అయిపోతుంది. కోశాక పులుపెక్కాల్సినంత పులుపెక్కదు. పీహెచ్ 5.6 దగ్గరకు దిగాల్సింది 6 పైనే ఆగిపోతుంది. మాంసం నల్లబడి, అంటుకుంటూ, తొందరగా పాడవుతుంది. ముందు రోజే చేర్చి నీళ్ళు పెట్టి నీడలో ఉంచమని కొట్టువాళ్ళతో మాట్లాడండి.

డీప్ ఫ్రిజ్ సంగతి. కోసిన వెంటనే గడ్డ కట్టిస్తే కండ బిగుసుకోవడం కూడా మధ్యలో ఆగిపోతుంది. మీరు బయటికి తీసి మంచు కరిగించగానే అది ఒక్కసారిగా బిగుసుకుంటుంది, ముక్కలోంచి ఎర్ర నీళ్ళు కారిపోతాయి. ఆ మాంసం చాలా గట్టిగా ఉంటుంది. మిగిలినదాన్ని ముక్కలు కొట్టకుండా, తొడ తొడగానే ఎముకతో సహా శుభ్రమైన గిన్నెలో మూత పెట్టి మామూలు ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. మరునాడో ఆ పై రోజో వండుకోండి. డీప్ ఫ్రిజ్‌లో వేయాలంటే కూడా ఒక రోజు గడిచాకే వేయండి. ఆ ఒకటి రెండు రోజుల చలిలో కాల్పెయిన్‌కు కూడా కాస్త వ్యవధి దొరుకుతుంది.

ఆ పరీక్ష కాగితం ఫోటో తీసి, ఎవరి పేరూ కనపడకుండా చెరిపేసి ఇక్కడ పెట్టండి బాబూ. రాయగడ అమ్మాయి, నేను కలిసి చదివి అందులో ఏముందో చెప్తాం. ఇదే కాగితాన్ని మన వైపు ఇంకెంతమందికి చూపించి అమ్ముతున్నారో.